పది సెంట్లు చాలు

(గుంటూరులో రైతు సేవా కేంద్రాల సిబ్బంది, రైతు ఉత్పత్తిదారుల సంఘాల సభ్యులు, కొందరు రైతులు కలిసి కూర్చున్న సమావేశంలో ఒక విశ్రాంత వ్యవసాయాధికారి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన మీటింగుల్లో ఎప్పుడూ ఇదే కదా. ముందు వరస ఖాళీ, మధ్యలో ఆఫీసు వాళ్ళు, రైతులేమో గోడకానుకుని వెనక. రండి బాబాయ్, మీరూ రండి. మీ గురించే మాట్లాడుకుంటున్నాం, మీరు దూరంగా ఉంటే ఎట్లా?

నన్ను పిలిచినవాళ్ళు ఇచ్చిన అంశం, చిన్న రైతుల్ని మేలైన రకాల వైపు ప్రోత్సహించడం ఎలా అని. ప్రోత్సహించడం. ఈ మాట దగ్గర నాకు కొంచెం ఇబ్బంది ఉంది. రైతుకు ఉత్సాహం లేదు, మనం వెళ్ళి నింపాలి, అట్లా వినబడుతుంది. గుంటూరు జిల్లా రైతుకు కొత్తదంటే ఉత్సాహం లేదా? మిరపలో ఏటా ఎన్ని కొత్త ప్యాకెట్లు వస్తాయో, ఎన్ని అమ్ముడుపోతాయో మీకు తెలియదా? కిలో వేలకు వేలు పెట్టి హైబ్రిడ్ గింజలు కొనే రైతు ఇతనే. మరి అదే రైతు మనం సబ్సిడీలో ఇస్తామన్న వరి రకం దగ్గర ఎందుకు వెనకాడుతున్నాడు? మొండివాడనా? తెలియకనా? ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను, మొదటి పదేళ్ళు నేనూ అట్లాగే అనుకున్నాను. నా బుర్ర తిరిగిన రోజు ఒకటుంది, ముందు అది చెప్తాను.

అప్పటికి నేను కుర్రవాణ్ణి. తెనాలి అవతల డెల్టా ఊళ్ళలో పోస్టింగు. ఒక కొత్త వరి రకం వచ్చింది, పేరు చెప్పను, దాని తప్పేం లేదు. కరపత్రంలో దిగుబడి అంకె చూసి నేను ఊగిపోయాను. ఊరంతా తిరిగి, అరుగుల మీద కూర్చుని, కొంతమందిని బతిమాలి, కొంతమందిని కోప్పడి, ముప్పై ఎకరాల దాకా వేయించాను. పండింది. నేను చెప్పినదానికన్నా ఒక బస్తా ఎక్కువే పండింది. నేను పై ఆఫీసుకు రిపోర్టు రాసుకున్నాను. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

సంక్రాంతి దాటాక ఒకరోజు సాయంత్రం ఒకావిడ ఆఫీసుకొచ్చింది. కౌలు రైతు, రెండెకరాలు. చేతిలో కేరేజీ. కేరేజీ నా బల్ల మీద పెట్టి, మూత తీసి, "తిను బాబూ" అంది. ఎందుకమ్మా అంటే, "ముందు తిను" అంది. పొద్దున పదకొండింటికి వండిన అన్నం అది. చెయ్యి పెడితే మెతుకు మెతుకూ విడిపోయి బిరుసుగా, వేళ్ళకు గుచ్చుకుంటోంది. నోట్లో పెట్టుకుంటే నమిలేకొద్దీ నములుతున్నా. ఆవిడ నా మొహమే చూస్తోంది. అప్పుడు అంది: "బస్తాలెక్కువొచ్చినయ్యి, కాదన్ను. మిల్లోడు నూకైతందని బస్తాకి ఇంతని కోశాడు. పిల్లలు రాత్రన్నం వద్దంటన్నారు. గడ్డి గేదె మూతెట్టట్లా. ఇప్పుడు నేనేం జెయ్యాల?"

ఏం చెప్తానండీ? నేను చూసింది ఒకే ఒక అంకె, ఎకరాకు ఎన్ని బస్తాలు. ఆవిడ చూసేవి నాలుగు. మిల్లులో బియ్యం ఎంత తేలుతుంది, నూక ఎంత. సాయంత్రానికి అన్నం ఎట్లా ఉంటుంది. గడ్డి గేదె తింటుందా. కౌలు పోను ఏం మిగులుతుంది. ఈ నాలుగూ కరపత్రంలో లేవు. మధ్యాహ్నం వండి రాత్రికి తినే ఇంట్లో, రాత్రి మిగిలింది పొద్దున చద్దన్నంగా తినే ఇంట్లో, అన్నం చల్లారాక మెత్తగా ఉండటం ఎంత పెద్ద గుణమో నాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. మీలో ఎవరైనా ఒక కొత్త రకం గురించి చెప్పేముందు ఆ బియ్యం వండుకుని తిన్నారా? చేతులెత్తండి. ఒకరు, ఇద్దరు. సరే, ఇద్దరున్నారు, సంతోషం.

ఇప్పుడు కౌలు లెక్క చూద్దాం. ఇది నేను ఊహించి చెప్పే లెక్క, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. పాత రకం ఏటా 35 బస్తాలు ఇస్తుందనుకుందాం. కొత్తది నాలుగేళ్ళు 40 ఇచ్చి, అయిదో ఏడు తెగులో గాలివానో వచ్చి 20కి పడిపోతుందనుకుందాం. అయిదేళ్ళ సగటు తీయండి. కొత్తదానికి 36, పాతదానికి 35. కాగితం మీద కొత్తదే గెలిచింది కదా? ఇప్పుడు కౌలు 15 బస్తాలు తీసెయ్యండి. కౌలు పంట పండినా ఇవ్వాలి, పండకపోయినా ఇవ్వాలి. పడిపోయిన ఏడు ఆ రైతుకు మిగిలేది 5 బస్తాలు. దాంట్లో ఎరువుల కొట్టు బాకీ, కోత మిషను కిరాయి, పిల్లాడి ఫీజు. ఆ ఒక్క ఏడాదికి చేసిన అప్పు తీరటానికి ఎన్నేళ్ళు పడుతుంది? వచ్చే ఏడు పొలం ఆసామి ఇంకొకరికి కౌలుకిచ్చేస్తే, మంచి పంట వచ్చే ఆ నాలుగేళ్ళు అసలు అతనికి ఉంటాయా? ఇరవై ఎకరాల సొంత ఆసామికి సగటు లెక్క పనికొస్తుంది. రెండెకరాల కౌలు రైతు పడిపోయే ఏడాది గురించి ఆలోచిస్తాడు. దాన్ని మనం మొండితనం అంటున్నాం. నేనైతే లెక్క వచ్చినవాడంటాను.

అందుకే మేలైన రకం అంటే ఎక్కువ పండేదనే అర్థం ఒక్కటే చెప్పకండి. పడిపోనిది కూడా మేలైనదే. దీనికి మంచి ఉదాహరణ మన గోదావరి జిల్లా విత్తనమే. స్వర్ణ, ఎంటీయూ 7029. మార్టేరు వరి పరిశోధన స్టేషన్‌లో పుట్టింది. వశిష్ఠను, మసూరిని కలిపి చేశారు. ఇక్కడి నుంచి ఒడిశా, బెంగాల్ దాకా పోయి ఊళ్ళకు ఊళ్ళు పాకింది. అయితే అక్కడి పల్లపు పొలాల్లో వరదొస్తే వారం పదిరోజులు పైరు మునిగే ఉంటుంది. మామూలు వరి ఏం చేస్తుంది? నీళ్ళ పైకి రావాలని సాగి సాగి, ఉన్న ఓపికంతా అయిపోయి కుళ్ళిపోతుంది. ఒడిశాలోనే ఒక పాత నాటు రకం నుంచి తీసిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే వరి ఉంది. అది నీళ్ళలో పడితే సాగదు, ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఆ గుణానికి కారణమైన జన్యువుకు సబ్ 1 అని పేరు. దాన్ని స్వర్ణలోకి ఎక్కించారు. అదే స్వర్ణ సబ్ 1, మన దేశంలో 2009లో విడుదల చేశారు. రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. వరద రాకపోతే మామూలు స్వర్ణలాగే పండుతుంది.

తర్వాత పరిశోధకులు ఒడిశా పల్లెల్లో ఈ విత్తనం చిన్న సంచులుగా కొందరు రైతులకిచ్చి, ఏం చేస్తారో చూశారు. నాకు నచ్చిన సంగతి ఇక్కడుంది, వినండి. పైరు మునిగినా చావదని నమ్మకం కుదిరాక, ఆ రైతులు ఎరువు ఎక్కువ వేశారు, సాగు పెంచారు, గింజ నేరుగా చేలో ఎద జల్లే బదులు నాట్లు వెయ్యడం మొదలుపెట్టారు. ఎవరూ వెళ్ళి ఎరువు వెయ్యండి అని ప్రోత్సహించలేదండీ. భయం తగ్గింది, అంతే. భయం తగ్గితే పెట్టుబడి దానంతటదే పెడతాడు.

ఇంకో సంగతి గమనించారా? పేరు మార్చలేదు, గింజ మార్చలేదు, వండే పద్ధతి మార్చలేదు. స్వర్ణ స్వర్ణలాగే ఉంది, ఒక్క జబ్బు వదిలింది. మన సాంబ మసూరిలోనూ ఇట్లాగే చేశారు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు వస్తుంది, అగ్గితెగులు వస్తుంది, పైరు రసం పీల్చే దోమ వస్తుంది, నారు పోసిన దగ్గర్నుంచి కోతకు నూట యాభై రోజులు పడుతుంది. ఇన్ని లోపాలున్నా ఎందుకు వదలట్లేదండీ? ఎందుకంటే సన్న బియ్యం, వ్యాపారి కళ్ళు మూసుకుని కొంటాడు, పెళ్ళిళ్ళలో ఆ అన్నమే పెడతారు. హైదరాబాదులో వరి పరిశోధన సంస్థవాళ్ళు, సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రంవాళ్ళు కలిసి ఆ సాంబలోకే ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు ఎక్కించి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని ఇచ్చారు. ఎండాకు తెగులు ఎక్కువున్న చోట అది మంచి మాట. అగ్గితెగులుకు, దోమకు మాత్రం అది మందు కాదు, ఆ సంగతి కూడా రైతుకు మీరే ముందు చెప్పాలి. చెప్పకుండా వేయించి, దోమొచ్చాక తల గోక్కుంటే తర్వాత మీ మాట వినేదెవరు?

మన డెల్టాలో ఇంకో చిక్కుంది. గట్టు మీద నడిచినవాళ్ళకే తెలుస్తుంది. వరి రకాన్ని వరి కోసమే ఎంచుకోరు ఇక్కడ. వరి తర్వాత మినుము ఉంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే, బురద పదునులో మినుములు చల్లుతారు. కోసినవాళ్ళ కాళ్ళకింద పడి ఆ గింజ మట్టిలో దిగుతుంది. తర్వాత నీళ్ళు పెట్టేది లేదు, ఆ పదును, మంచు, అంతే. నవంబరు చివర నుంచి డిసెంబరు సగం లోపల చల్లాలి. కాలవ నీళ్ళు ఆలస్యంగా వదిలారనుకోండి, నాట్లు ఆగస్టు చివరకు పోయాయనుకోండి, నూట యాభై రోజుల సాంబ ఎప్పుడు కోతకొస్తుంది? డిసెంబరు చివరకో, జనవరికో. మినుము పోయినట్టే. అప్పుడు రైతు అడిగేది, ఎన్ని బస్తాలని కాదు, ఎన్ని రోజులని. మీరు వరి రకం చెప్పేటప్పుడు మీ నోట్లో మినుము మాట లేదంటే, మీరు సగం పొలమే చూసినట్టు. ఈ మధ్య కోత మిషన్లు వచ్చాక చల్లడంలో కూడా తంటాలొచ్చాయి, చైన్ల కింద మొలక నలుగుతుంది. అది ఇంకో కథ, ఇప్పుడు వద్దు.

మినుములో చూడండి, కొత్త రకాన్ని మనవాళ్ళు ఎంత తొందరగా అందుకున్నారో. ఎనభైల్లో మాగాణి మినుముకు బూడిద తెగులు చంపేస్తుంటే, మన గుంటూరు పక్కన లాం పరిశోధన ఫారం నుంచి ఎల్‌బీజీ 17 వచ్చింది. కృష్ణయ్య మినుము అంటారు. తెగులును తట్టుకుంది. ఆకు మీద బూడిద లేకపోవడం రోడ్డు మీద పోయేవాడికి కూడా కనబడుతుంది కదా, ఇంక చెప్పేదేముంది? ఎవరు ప్రోత్సహించారు? పక్క చేను ప్రోత్సహించింది. తర్వాత తెల్లదోమతో పల్లాకు తెగులు వచ్చింది, చేలకు చేలు పసుపు కొట్టాయి, కొంతమంది మినుమే మానేసి దున్నకుండా వేసే జీరో టిల్లేజ్ మొక్కజొన్నకు పోయారు. మళ్ళీ ఎల్‌బీజీ 787, టీబీజీ 104 లాంటివి పల్లాకును తట్టుకునేవి వచ్చాక కొంత తేరుకున్నారు. అంటే ఒక రకం వచ్చి శాశ్వతంగా ఉండదు. తెగులూ మారుతుంది, రకమూ మారాలి. మా తాత వేసిందే నేనూ వేస్తానంటే కుదరదు, ఆ మాట రైతులకు గట్టిగానే చెప్తాను. బాబాయ్, మీక్కూడా.

పక్క చేను అన్నాను కదా. అమెరికాలో అయోవా అని మొక్కజొన్న పండించే రాష్ట్రం. అక్కడ 1928 ప్రాంతంలో హైబ్రిడ్ మొక్కజొన్న వచ్చింది. ఇద్దరు పరిశోధకులు 259 మంది రైతుల దగ్గరకు పోయి, ఎప్పుడు విన్నావు, ఎప్పుడు వేశావు, ఎవరి మాట విని వేశావు అని అడిగి, 1943లో అచ్చు వేశారు. చాలామంది మొదట విన్నది విత్తనాలమ్మేవాళ్ళ దగ్గర. వేసింది మాత్రం ఇరుగుపొరుగును చూసి. పైగా మొదటి ఏడు పొలమంతా వేసినవాళ్ళు దాదాపు లేరు, కొంచెం వేసి చూసుకుని, తర్వాత పెంచారు. చదువుకున్నవాళ్ళు, వందల ఎకరాలవాళ్ళు, వాళ్ళే అట్లా చేస్తే, మన రెండెకరాల మనిషి ఒక్కసారే వెయ్యాలని మనం ఎట్లా ఆశపడతాం? మన దగ్గరే చూడండి, అరవైల చివర ఐఆర్ 8 అనే కొత్త వరి రకం వచ్చినప్పుడు పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారనే రైతు వేసి చూపించారు. మిస్టర్ ఐఆర్ 8 అని పిలిచేవారు ఆయన్ని. ఒక రైతు గట్టు మీద నిలబడి చూపించిందానికి ఉన్న విలువ మన మైకుకు లేదు.

కాబట్టి నేనడిగేది పది సెంట్లు, అంటే ఎకరంలో పదో వంతు. ఆ కేరేజీ తర్వాతి ఏడు నేను అదే చేశాను. ఎకరం అడగలేదు. పాత రకం వేసే మడిలోనే ఒక మూల పది సెంట్లు కొత్తది. ఒకే రోజు నారు పోసి, ఒకే రోజు నాటి, ఒకే ఎరువు. నేను ఒక్క కట్ట యూరియా కూడా ఉచితంగా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పండి? మనం ప్రదర్శన క్షేత్రమని పెట్టి, ఎరువూ మందూ మనమే ఇచ్చి, వారం వారం వెళ్ళి చూసి, అది బాగా పండాక ఊళ్ళోవాళ్ళను తీసుకుపోతాం. వాళ్ళు చూసి తలూపుతారు. ఇంటికెళ్ళేటప్పుడు ఏమనుకుంటారు? "సర్కారు మందులు పోస్తే తాటిమట్టైనా పండుతుంది." అనరా? అంటారు, నేను చెవులారా విన్నాను.

పొలం ఎంచుకోవడంలోనూ మనం పొరపాటు చేస్తాం. ఊళ్ళో పెద్ద రైతు, మంచి నేల, రోడ్డు పక్క. ఫొటోకి బాగుంటుంది. చివరి భూమివాడు, కాలవ చివర నీళ్ళందనివాడు చూసి, అది వాళ్ళకే గాని మనకు కాదులే అనుకుంటాడు. అతని పొలంలో పది సెంట్లు వేయించండి. పోతే పోయేది ఒక బస్తా తేడా, ఆ ఇల్లు మునగదు. వస్తే ఆ చివర ఉన్న ఇరవై మందికీ సమాధానం దొరుకుతుంది.

కోతయ్యాక పని అయిపోలేదు. రెండు రకాలూ విడివిడిగా కుప్ప నూర్చి, ఆరబోసి, తూకం వెయ్యాలి. రెంటినీ కొంచెం కొంచెం ఆ ఊరి మిల్లులోనే ఆడించాలి. నేనైతే రామాలయం దగ్గర రెండు గిన్నెల్లో వండించేవాణ్ణి. ఒకదాని మీద సుద్దముక్కతో గీత, రెండోదాని మీద ఏమీ లేదు. ఏది ఏదో వండిన ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున వండించి సాయంత్రం పెట్టేవాణ్ణి, కేరేజీ పాఠం మరి. ముసలమ్మలు ముందు ముద్ద చేసి పిసికి చూసేవాళ్ళు, తర్వాత వాసన, తర్వాత నోట్లో. వాళ్ళు బాగుంది అంటే వచ్చే ఏడు విత్తనం అడిగినట్టే. పెదవి విరిస్తే నేను ఆ రకం కాగితం మడిచి లోపల పెట్టుకునేవాణ్ణి. విత్తనం మార్చాలా వద్దా అన్నది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ మాటే, మనం మాత్రం మీటింగుకు మగవాళ్ళను పిలుస్తాం. ఈ హాల్లోనే లెక్కపెట్టండి.

విత్తనం గురించి త్వరగా రెండు మాటలు, టైమవుతోంది. రకం మంచిదై, సంచిలో గింజ మంచిది కాకపోతే రకానికే చెడ్డపేరు. సంచికి కట్టిన ట్యాగు చూడమనండి. రైతు కొనే సర్టిఫైడ్ విత్తనానికి నీలం, దాన్ని పండించటానికి వాడే ఫౌండేషన్‌కు తెలుపు, దానికీ మూలమైన బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు. బిల్లు తీసుకోవాలి, ఖాళీ సంచి, ట్యాగు పంట అయ్యేదాకా చూరులో దాచుకోవాలి. రేపు గొడవొస్తే అవే సాక్ష్యం. వెయ్యబోయే ముందు వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి ఉంచండి. వరిలో 80కి తగ్గకుండా మొలవాలి, మినుములో 75, మిరపలో 60. తగ్గితే నారు పోయకముందే తెలిసిపోతుంది, పోసినాక ఏడ్చే పని లేదు. వరి, మినుము విత్తనం బాగుంటే రైతు తనే కట్టి పెట్టుకోవచ్చు, రెండు మూడేళ్ళు ఢోకా లేదు, కేళీలు, అంటే మధ్యలో మొలిచే వేరే రకం మొక్కలు, ఏరేస్తూ ఉంటే చాలు. ఇరుగుపొరుగుకు ఇచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా, మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణకు చేసిన 2001 చట్టం ఆ హక్కు ఇచ్చింది. హైబ్రిడ్ గింజ దాచితే మాత్రం మరుసటేడు చేను చేనులా ఉండదు. ఆ తేడా ఒక్కటి స్పష్టంగా చెప్పండి, చాలామంది అక్కడే నష్టపోతున్నారు.

ఇంకోటి, కౌలు రైతు. సబ్సిడీ విత్తనానికి వెళ్తే చాలాచోట్ల ముందు పాసుపుస్తకం అడుగుతారు. పాసుపుస్తకం ఆసామి దగ్గర, ఆసామి హైదరాబాదులో. పొలం దున్నేది ఒకరు, విత్తనం పేరు రాసేది ఇంకొకరి మీద. ఇక్కడ కూర్చున్న సిబ్బందిని నేను తప్పు పట్టట్లేదు, రూలు మీరు రాయలేదు. కానీ మీ దగ్గర చిరుసంచులు ఉంటాయి కదా, నాలుగు కిలోలో అయిదు కిలోలో. అవి ఇచ్చేటప్పుడైనా కాగితం చూడకుండా మనిషి కాళ్ళు చూడండి. బురద ఉన్న కాళ్ళకు ఇవ్వండి.

ఆ కేరేజీ ఆవిడ ఏమైందని ఇందాక భోజనాల దగ్గర ఎవరో అడిగారు. తర్వాతి ఏడు ఆవిడ మడిలోనే పది సెంట్లు అడిగాను. "మళ్ళీ వచ్చావా" అంది. నవ్వలేదు. కానీ మూల చూపించింది. పండాక వండిపెట్టింది, సాయంత్రం దాకా నన్ను కూర్చోబెట్టి మరీ పెట్టింది. ఆ రకం ఆవిడకు నచ్చలేదు. గింజ లావంది. ఆ పక్కేడు ఇంకోటి తీసుకెళ్ళాను. అది నచ్చింది, అరెకరం వేసింది, దాని తర్వాత నాకు చెప్పకుండానే రెండెకరాలూ వేసేసింది. మూడేళ్ళు పట్టింది. నా రిపోర్టులో అది రెండెకరాలు, అంతే.

టీ వచ్చిందంటున్నారు, ఒక్క నిమిషం ఆగమనండి. ఆ వెనక పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తి దించుతున్నారు. మైకు అటివ్వండమ్మా. చెప్పండి బాబాయ్, మీది ఏ ఊరు, ఏం వేశారు ఈసారి?